‘మనం ఏషియన్లలోకి వస్తామా?’: జాతి, కులం, మందుల తేడాలు క్లాసులో ఎలా చెప్పాలి

చిత్తూరు నుంచి ఒక ఫార్మకాలజీ మేడం అడిగిన ప్రశ్న ఇది. సెకండ్ ఇయర్ ఎంబీబీఎస్ పిల్లలకు జాతిని బట్టి మందుల ప్రభావం ఎలా మారుతుందో ఒక గంట క్లాసు చెప్పాలి. పుస్తకంలో చూస్తే నాలుగైదు లైన్లే ఉన్నాయి. పోయినసారి ఒక అబ్బాయి లేచి ‘ఏషియన్లకు డోసు తగ్గించాలని రాశారు, మనం ఆ ఏషియన్లలోకి వస్తామా మేడం’ అంటే ఏం చెప్పాలో తోచలేదు, ఇంకో అమ్మాయి కులాన్ని బట్టి కూడా తేడాలుంటాయా అని అడిగేసరికి క్లాసంతా గుసగుసలు. ఇదంతా ఎలా చెప్పాలి, అసలు కులం మాట ఎత్తాలా వద్దా?

ఎత్తాలమ్మా. మన ప్రాంతంలో ఆ మాట ఎత్తకుండా ఈ పాఠం చెబితే అమెరికా వాళ్ల పాఠాన్ని ఇక్కడ చదివి వినిపించినట్టే అవుతుంది. కాకపోతే దానితో మొదలుపెట్టకూడదు, మొదలుపెడితే మిగతా గంట ఎవరూ వినరు. నేను తిరుపతిలో ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరయినవాణ్ణి, ఇప్పటికీ పిలిస్తే వెళ్లి ఒకటీ అరా క్లాసులు చెబుతుంటాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. జాతి, దేశం, కులం, వీటిలో ఏదీ డోసు చెప్పదు. పేషెంటును ఏం అడగాలి, ఏ టెస్టు రాయాలి, ఏ రియాక్షన్ వస్తుందేమోనని కనిపెట్టుకుని ఉండాలి అన్నది మాత్రం కొన్నిసార్లు చెబుతాయి. అదైనా ఆ తేడా వెనకున్న కారణం మనకు తెలిసినప్పుడే. పిల్లలకు ఈ ఒక్కటి పట్టుబడితే చాలు, పర్సెంటేజీలు వాళ్లు ఎలాగూ పరీక్ష అయిన మర్నాడు మర్చిపోతారు.

ఆ నాలుగైదు లైన్లను పారేయకండి, క్లాసుకు అవే మంచి ముడిసరుకు. ఉదాహరణకు, నల్లజాతి వాళ్లకు కంటిపాప పెద్దది కావాలంటే అట్రోపిన్, ఎఫిడ్రిన్ ఎక్కువ కావాలని మనందరం బట్టీ పట్టాం. ఎందుకు అని ఎవరూ అడగరు. కంటిలో ఐరిస్‌కు రంగునిచ్చే మెలనిన్ ఈ మందుల్ని పట్టి ఉంచుకుంటుంది, అందువల్ల ముదురు రంగు కళ్లలో మందు నిదానంగా పనిచేస్తుంది, పనిచేయడం మొదలుపెట్టాక ఎక్కువసేపు ఉంటుంది. అంటే ఇక్కడ డాక్టరుకు కావాల్సింది ఐరిస్ రంగు. టార్చి వేస్తే కనిపించేదానికి జాతి ఎందుకు? మన కళ్ల ఓపీలో డ్రాప్స్ మళ్లీ మళ్లీ వేయించుకుంటూ బెంచీ మీద కూర్చునేవాళ్లలో నల్లజాతి వాళ్లెవరూ లేరు, ముదురు కళ్లవాళ్లు మాత్రం దాదాపు అందరూ. ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు జాతి అన్నది ఇంకేదో కారణానికి బదులుగా వాడుతున్న గుర్తు అని అర్థమైపోతుంది. ఆ తర్వాత ప్రతి మందుకూ అదే ప్రశ్న వేయించండి: ఇక్కడ జాతి అనేది దేనికి బదులు నిలబడింది?

ఇంకో లైను ఉంటుంది చూడండి, విరేచనాలకు వాడిన క్లియోక్వినాల్ వల్ల జపాన్‌లో సుమారు పదివేల మందికి నరాలు, చూపు దెబ్బతిన్నాయి, 1970లో అక్కడ ఆ మందు ఆపేశారు, మనదేశంలో అంత వాడినా అలాంటిది రాలేదు అని. ఇది చదివిన పిల్లవాడు జపాన్ వాళ్ల జన్యువుల్లో ఏదో ఉందని తీర్మానించేసుకుంటాడు. వాళ్లు ఎంత డోసు వాడారు, ఎన్నాళ్లు వాడారు, ఇక్కడ ఎంత వాడారు, ఇక్కడ వచ్చినా ఎవరైనా లెక్కపెట్టారా, ఇవన్నీ అడిగించండి. తేడా కనిపించింది అనడానికీ అది పుట్టుకతో వచ్చిన తేడా అనడానికీ మధ్య చాలా దూరం ఉంది.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. మంచి ప్రశ్న, నిజానికి క్లాసు మొత్తం దాని చుట్టూ కట్టొచ్చు. జవాబు ఏమిటంటే, మందును బట్టి వస్తాం, మందును బట్టి రాము.

కార్బమజెపిన్ తీసుకోండి. ఫిట్స్‌కూ ముఖం నరాల నొప్పికీ మన దగ్గర విరివిగా వాడేదే. 2004లో తైవాన్ వాళ్లు ఒక విషయం బయటపెట్టారు. ఈ మందు వల్ల ఒళ్లంతా పొక్కి చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే రియాక్షన్ వచ్చిన హాన్ చైనీయులు 44 మందిని చూస్తే 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యురూపం ఉంది. ఏ ఇబ్బందీ లేకుండా మందు ఒంటికి పడినవాళ్లలో అది నూటికి ముగ్గురిలోనే ఉంది. ఇంత గట్టి సంబంధం ఫార్మకాలజీలో అరుదు. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ‘ఏషియా మూలాలున్నవారికి మందు మొదలుపెట్టే ముందు ఈ టెస్టు చేయండి’ అని హెచ్చరిక పెట్టించింది. అయితే ఆ మందు లేబుల్‌నే పూర్తిగా చదివిస్తే పిల్లలకు తమాషా తెలుస్తుంది. ఫిలిప్పీన్స్‌లో కొన్ని చోట్ల, థాయిలాండ్, మలేషియాల్లో ఇది 15 శాతం దాటుతుంది, జపాన్, కొరియాల్లో ఒక శాతం కూడా ఉండదు, మనవాళ్లలో సగటున 2 నుంచి 4 శాతం, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువ. జపాన్ కూడా ఏషియానే కదా. అంటే ఏషియన్ అన్న ముద్ర ఒకడికి అనవసరంగా భయం పెడుతుంది, ఇంకొకడికి సరిపోతుంది, మూడోవాడి విషయంలో ఎటూ చెప్పదు. ఇంకో సంగతి కూడా చెప్పండి, ఆ జన్యువు ఉన్న ప్రతివాడికీ రియాక్షన్ రాదు, కొద్దిమందికే వస్తుంది, కానీ వచ్చినవాడికి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టే ఈ జాగ్రత్త.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్. చైనా మూలాలవాళ్లకు తక్కువ డోసు సరిపోతుందన్నది పాత సంగతే. వీకేఓఆర్‌సీ1 అనే జన్యువులో తక్కువ డోసుకు లొంగే రూపం వాళ్లలో చాలా ఎక్కువమందికి ఉంటుంది. భారతీయుల్లో అదే రూపం చాలా తక్కువ. సింగపూర్‌లో చైనీయులు, మలయ్‌లు, భారతీయులు ఒకే ఊళ్లో ఒకే ఆసుపత్రులకు వస్తారు కాబట్టి అక్కడ పోల్చి చూడటం తేలిక, చూస్తే భారత మూలాలవాళ్లకు మిగతా ఇద్దరికంటే ఎక్కువ వార్ఫరిన్ కావాల్సి వచ్చింది. ఏషియన్ కదా అని మన పేషెంటుకు డోసు తగ్గిస్తే గుండె వాల్వు మీద గడ్డ కట్టొచ్చు. మన దగ్గర వాల్వు మార్పిడి అయినవాళ్లకు ఎక్కువగా ఇచ్చే అసినోకూమరాల్ కూడా ఇదే కుటుంబం. ఏ జన్యువు ఉన్నా లేకపోయినా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే టెస్టు) చూసుకుంటూ డోసు సర్దుకోవడమే వీళ్ల వైద్యం, ఇది పిల్లలకు నొక్కి చెప్పండి. మునగాకు, తోటకూర ఒక వారం తెగ తిని ఇంకో వారం పూర్తిగా మానేసే పేషెంటు ఐఎన్‌ఆర్‌ను తిప్పినంతగా చాలా జన్యువులు కూడా తిప్పలేవు.

కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్‌లో మాత్రం మనం కూడా జాబితాలో ఉన్నాం. ఏషియన్లలో మందు రక్తంలో సుమారు రెండింతలు చేరుతుందని, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని లేబుల్ చెబుతుంది, ఆ ఏషియన్లలో చైనీయులు, జపనీయులతో పాటు భారత మూలాలవాళ్లను పేరు పెట్టి రాశారు. సరే, మరి గుండెపోటు వచ్చిన మనిషికి మన కార్డియాలజిస్టులు 20, 40 రాయడం లేదా అంటే రాస్తున్నారు, అవసరం ఎక్కువైన చోట లాభనష్టాలు చూసుకుని రాస్తున్నారు. లేబుల్‌లో ఉన్నది ఎక్కడ మొదలుపెట్టాలన్నది. మూడు మందులకు మూడు జవాబులు వచ్చాయి చూడండి, ఆ అబ్బాయికి బోర్డు మీద ఇవే పక్కపక్కన రాసి చూపించండి.

ఇప్పుడు కులం సంగతి. దీన్ని స్కోలిన్‌తో చెప్పండి, మన తెలుగునేల మీద దీనికి మించిన ఉదాహరణ లేదు. ఆపరేషన్ థియేటర్లో గొంతులోకి ట్యూబు వేసేముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే మందు అది, కొద్ది నిమిషాల్లో దిగిపోవాలి. దాన్ని విరగ్గొట్టేది రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము. అది పుట్టుకతోనే లేనివాళ్లకు మందు దిగదు, గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద పెట్టి మెల్లగా తేరుకునేదాకా కాచుకోవాలి. మత్తు డాక్టర్లు స్కోలిన్ ఆప్నియా అంటారు. యూరప్, అమెరికాల్లో ఎంజైము పూర్తిగా లేకపోవడం లక్షకు ఒకరన్నంత అరుదు. కోయంబత్తూరులోని వైశ్య సమాజం మీద జరిగిన పరిశోధనలో నూటికి సుమారు నలుగురికి అసలు ఎంజైము పనే కనిపించలేదు, అంటే వాళ్లకంటే నాలుగు వేల రెట్లు. ఆ ఎంజైములో ఒకే ఒక్క చోట, 307వ అమైనో ఆమ్లం ల్యూసిన్‌కు బదులు ప్రొలిన్ అయింది, అంతే. 2006, 2007 ప్రాంతంలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మన మత్తు డాక్టర్లకు మాత్రం జన్యువు పేరు తెలియకముందే ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ ఇబ్బంది ఉంటుందని అనుభవం మీద తెలుసు, పెద్దవాళ్లు ఆపరేషన్‌కు ముందు అడిగేవారు.

పిల్లలు ఇక్కడ తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు, అయితే మిగతా కులాలవాళ్లకు రాదా అని. వస్తుంది. ఏ కులంవాడికైనా రావచ్చు, అరుదుగా. రెండోది, మన పిల్లలు ఇంటిపేరో ఒంటిపేరో చూసి కులం ఊహించడంలో మహా దిట్టలు, ఆ ధీమాను అక్కడే దించేయాలి. పేరు చివర శెట్టి ఉంటే ఆర్యవైశ్యుడే అనుకుంటే మన చిత్తూరు వైపు పప్పులో కాలేసినట్టే, బలిజల్లో శెట్టి ఉన్నారు, సరిహద్దు దాటితే చెట్టియార్లలోనే ఎన్ని రకాలో. పేరులో ఏ తోకా లేని ఆర్యవైశ్యులూ బోలెడు మంది. పేరు చూసి స్కోలిన్ ఇవ్వడమో మానడమో చేసేవాడు వైద్యం చేస్తున్నట్టు కాదు. ఎమర్జెన్సీ సిజేరియన్‌కు వచ్చిన మనిషి దగ్గర ఇవన్నీ ఆరా తీసే టైము కూడా ఉండదు, అందుకే ఎవరికి ఇచ్చినా వెంటిలేటర్ సిద్ధంగా పెట్టుకోవడం అన్న నియమమే అందరినీ కాపాడుతుంది.

దీనికే ఇంకో ముడి ఉంది, అది మన జిల్లాకు మరీ దగ్గరిది. మామిడి తోటలు, టమోటా తోటలున్న ఊళ్ల నుంచి పురుగుల మందు తాగిన కేసులు, పిచికారీ చేస్తూ పడిపోయిన కేసులు మన క్యాజువాలిటీలకు వస్తూనే ఉంటాయి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు అని అనుమానం వస్తే మనం పంపేది ఇదే కోలినెస్టరేజ్ టెస్టు. తక్కువుంటే విషం అని రాసుకుంటాం. మరి పుట్టుకతోనే ఆ ఎంజైము లేనివాడు వేరే ఏదో కారణంతో స్పృహ తప్పి వచ్చాడనుకోండి, రిపోర్టు సున్నా వస్తుంది, విషానికి విరుగుడుగా అట్రోపిన్ మొదలవుతుంది. అలాగే తలకిందులుగా, రోజూ పిచికారీ చేసే రైతుకు ఏ జన్యులోపమూ లేకపోయినా ఎంజైము తగ్గి ఉండొచ్చు, వాడికి అపెండిక్స్ ఆపరేషన్‌లో స్కోలిన్ ఇస్తే లేవడం ఆలస్యం కావచ్చు. గర్భిణుల్లోనూ లివర్ జబ్బుల్లోనూ అది కొంత తగ్గుతుంది. ఒకే టెస్టు, ఒకే తక్కువ అంకె, కారణాలేమో పుట్టుక, పొలం, లివర్, కడుపులో బిడ్డ. నేను ఈ భాగం మీదే ఎక్కువసేపు గడిపేవాణ్ణి. విషం కేసులో కండరాలు అదరడం, కంటిపాప చిన్నదవడం, నోట్లో నురగ చూసి నిర్ణయించాలి, అంకెను చూసి కాదు అని వాళ్లంతట వాళ్లే చెప్పేదాకా లాగండి. ఎవరో ఒకరు చెబుతారు.

గుసగుసల గురించి అడిగారు కదా. ఒక కులం పేరు చెప్పి లోపం అనగానే ఆ కులం పిల్లలు తల దించుకుంటారు, మిగతావాళ్లు వాళ్లవైపు చూస్తారు. దానికి మందు ఏమిటంటే వెంటనే తర్వాతి మాట చెప్పేయడం: ఇది ఎక్కువతక్కువల సంగతి కాదు, కొద్దిమందితో మొదలైన సమూహం వేల ఏళ్లు లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటే ఆ మొదటివాళ్లలో ఎవరికో ఉన్న మార్పు చాలామందికి పంచబడుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువుల్ని చూస్తే, 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్‌లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదుల కంటే బలంగా కనిపించింది. ఆ రెండూ ప్రపంచంలో ఈ విషయానికి పేరుమోసిన సమూహాలు. అంటే క్లాసులో కూర్చున్న చాలామంది పిల్లల కులాలకు ఇలాంటిది ఏదో ఒకటి ఉండొచ్చు, వైశ్యుల విషయంలో ఎవరో వెతికారు కాబట్టి దొరికింది, తక్కినవాళ్లలో ఇంకా వెతకలేదు. ఇది చెప్పాక గుసగుసలు ఆగిపోతాయి, ఎందుకంటే అందరికీ తమ సంగతేమిటా అన్న టెన్షన్ మొదలవుతుంది.

అక్కడి నుంచి మేనరికానికి వెళ్లండి. రాయలసీమలో మేనమామను, మేనబావను చేసుకోవడం గురించి పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. రెండు కాపీలూ చెడితేనే బయటపడే లోపాలు దగ్గరి పెళ్లిళ్లలో ఎక్కువ బయటపడతాయి, మందుల ఎంజైములూ దానికి మినహాయింపు కాదు. నా ఉద్దేశంలో మన వార్డులో ‘మీరే కులం’ అన్న ప్రశ్న కంటే ‘మీ అమ్మానాన్నలది మేనరికమా’ అన్న ప్రశ్న చాలా ఎక్కువ పనికొస్తుంది, దానికి ఎవరూ నొచ్చుకోరు కూడా.

చరిత్ర కొంచెం చెప్పాలంటే టీబీ మందు ఐఎన్‌హెచ్ చాలు, మనకు పక్క ఊరి కథ. ఈ మందును కొందరి లివర్ గబగబా వదిలించుకుంటుంది, కొందరిది నిదానంగా, ఎన్‌ఏటీ2 ఎంజైమును బట్టి. దక్షిణాదిలో సగానికి పైగా నిదానం రకమే, జపాన్‌లో అది నూటికి పది ప్రాంతం. నిదానం రకానికి కాళ్ల తిమ్మిర్లు ఎక్కువ, దానికి పిరిడాక్సిన్ ఇస్తాం. మద్రాసులో 1956లో పెట్టిన టీబీ కీమోథెరపీ సెంటర్ వాళ్లు చూసిందేమిటంటే, మందు రోజూ వేసుకుంటే వేగం రకమైనా నిదానం రకమైనా జబ్బు నయం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, వారానికి ఒక్కసారే ఇచ్చిన పద్ధతుల్లో మాత్రం వేగం రకంవాళ్లు వెనకబడ్డారు. ఇది పిల్లలకు చాలా ముఖ్యం. జన్యువులో తేడా ఉన్నంత మాత్రాన వైద్యంలో తేడా రావాలని లేదు, డోసు పద్ధతి మారితే అదే తేడా పనిచేయొచ్చు, పనిచేయకపోవచ్చు.

మలేరియా మందు ప్రైమాక్విన్, ఎర్ర రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం కూడా చెప్పి తీరాల్సినవే. ఈ లోపాన్ని 1956లో కనిపెట్టింది అమెరికాలో స్టేట్‌విల్ జైలు ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షిస్తున్నప్పుడు. మందు పడక ఎర్ర రక్తకణాలు పగిలినవాళ్లు నల్లజాతి ఖైదీలు. ఎథిక్స్ గురించి విడిగా ఉపన్యాసం అక్కర్లేదు, ఈ ఒక్క వాక్యం చెప్పి రెండు నిమిషాలు పిల్లల్ని మాట్లాడనివ్వండి, ఏఈటీకామ్ (వైద్య నీతి, మాటతీరు నేర్పే పాఠం) గంట కింద రాసుకోవచ్చు కూడా. ఇక్కడికొస్తే ఇది మనదేశంలో కొన్ని గిరిజన సమూహాల్లో ఎక్కువ, మలేరియా ఎక్కువగా ఉండేదీ ఆ ప్రాంతాల్లోనే, పైగా ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. వైవాక్స్ రకం మలేరియాకు 14 రోజుల ప్రైమాక్విన్ రాసేటప్పుడు మూత్రం కోకాకోలా రంగులోకి మారితే మాత్ర ఆపి వెంటనే రండి అని ప్రతి పేషెంటుకూ చెప్పడం నేర్పండి, గిరిజనుడా కాదా అని చూసి కాదు. మాటవరసకు, పసిబిడ్డల బట్టల్లో కలరా ఉండలు పెట్టే అలవాటు ఇప్పటికీ ఉంది, ఈ లోపమున్న బిడ్డకు ఆ నాఫ్తలీన్ వాసన కూడా రక్తకణాల్ని పగలగొట్టగలదు. ఇంట్లో అమ్మమ్మలకు చెప్పమనండి.

అమెరికా గొడవలు ఎంత చెప్పాలి? నన్నడిగితే రెండు చాలు. 2005లో ఎఫ్‌డీఏ బైడిల్ అనే మందును గుండె బలహీనత ఉన్న నల్లజాతి పేషెంట్ల కోసమని అనుమతించింది. అందులో ఉన్నవి పాత మందులే, హైడ్రలజిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్. 1050 మంది మీద జరిగిన ట్రయల్‌లో మరణాలు 43 శాతం తగ్గాయి, మందు నిజంగా పనిచేసింది, అందులో అనుమానం లేదు. కానీ ఆ ట్రయల్‌లో నల్లజాతి వాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. మరి మిగతావాళ్లకు పనిచేయదని ఎలా తెలిసింది అని అడగండి, తెలివైన పిల్లలు పట్టేస్తారు. రెండోది కిడ్నీ లెక్క. రక్తంలోని క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడగడుతోందన్న అంచనా) కట్టే 2009 నాటి సూత్రంలో పేషెంటు నల్లజాతి అయితే ఫలితాన్ని 1.159తో హెచ్చించేవారు, అంటే కిడ్నీ ఉన్నదానికంటే బాగా ఉన్నట్టు కాగితం మీద కనిపించేది. 2021లో ఆ గుణకాన్ని తీసేసి కొత్త సూత్రం ఇచ్చారు. కిడ్నీని చూసి డోసు తగ్గించాల్సిన మందులన్నిటికీ ఇది తగులుతుంది కాబట్టి ఫార్మకాలజీ వాళ్లకూ సంబంధించినదే.

బోర్డు మీద తప్పకుండా గీయాల్సిన బొమ్మ ఒకటుంది, రెండు గంట ఆకారపు గీతలు, ఒకదాని మీద ఒకటి దాదాపు పడిపోయినట్టు. బీపీ మందుల విషయంలో నల్లజాతి వాళ్లకు ఫలానాది సరిగా పనిచేయదు అంటుంటారు కదా, 2004లో ఒకాయన పాత ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ ఎనభై శాతానికి పైగా ఒకే రకంగా స్పందించినట్టు తేలింది. సగటుల్లో తేడా నిజమే, కానీ మన ముందు కూర్చున్న మనిషి సగటు కాడు. మాటలతో చెబితే ఇది ఎక్కదు, గీసి చూపిస్తే ఎక్కుతుంది.

పుట్టుకతో సంబంధం లేనివి కూడా కొంచెం చెప్పండి, లేకపోతే అంతా జన్యువులే అనుకుంటారు. బ్రిటన్‌కు వలసపోయిన మనవాళ్ల మీద యాంటిపైరిన్ అనే మందుతో చేసిన పాత పరిశోధనల్లో శాకాహారులు మందును నిదానంగా వదిలించుకున్నారు, తిండి మారినచోట ఆ తేడా తగ్గింది. జాతి అదే, కంచం మారింది. బీడీలు గుప్పుగుప్పున కాల్చే ఆయాసం పేషెంటు థియోఫిలిన్‌ను తొందరగా ఖర్చు చేసేస్తాడు, ఆసుపత్రిలో చేరి బీడీ మానగానే అదే డోసు ఎక్కువైపోయి వాంతులు, గుండెదడ మొదలవుతాయి. స్టెంట్ వేశాక గడ్డ కట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఒంట్లో మారితేనే పనిచేస్తుంది, మార్చే సీవైపీ2సీ19 ఎంజైము బలహీనంగా ఉన్నవాళ్లు మనలో తెల్లవాళ్లకంటే ఎక్కువ, దానిమీద మన జనం అడిగీ అడక్కుండా మింగే గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ అయితే ఉన్న ఎంజైమునూ అణచేస్తుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్ల చీటీలో గ్యాస్ మాత్ర ఏదో చూడమని చెప్పండి, ఇది రేపు వార్డుకు వెళ్లగానే పనికొచ్చే విషయం.

వార్డులో ఎలా అడగాలో ప్రాక్టికల్‌గా చేయించండి, ఒకరు పేషెంటు, ఒకరు డాక్టరు. ‘మీరేమిట్లు?’ అని మన ఊళ్లలో అడిగే పద్ధతి ఆసుపత్రిలో వద్దు. ‘అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక మత్తు దిగడం ఆలస్యమైందా? మిషన్ మీద పెట్టాల్సి వచ్చిందా? ఏ మాత్రకైనా ఒళ్లంతా పొక్కిందా, నోరు పుండ్లు పడిందా? మీ ఇంట్లోవాళ్లది దగ్గరి సంబంధమా?’ ఇవి అందరినీ అడగాలి, ఒకే మాటల్లో. సమాజం పేరు అడగాల్సి వస్తే ఎందుకు అడుగుతున్నామో ముందు చెప్పి అడగాలి: కొన్ని కుటుంబాల్లో ఒక మత్తు మందు ఆలస్యంగా దిగుతుంది, అందుకే అడుగుతున్నాం, చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు. ఇంతే. తిరుపతి రుయా ఆసుపత్రికి వచ్చే పేషెంట్లలో నెల్లూరు వైపువాళ్లుంటారు, కడప వాళ్లుంటారు, తమిళం తప్ప రానివాళ్లుంటారు, యానాదులుంటారు, కాబట్టి మాటలు సులువుగా ఉండాలి. ఎవరికైనా స్కోలిన్ ఆప్నియా అయిందని తేలితే డిశ్చార్జి చీటీలో పెద్ద అక్షరాలతో రాసి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ టెస్టు చేయించమని చెప్పడం మర్చిపోకూడదు, మన దగ్గర ఎక్కువగా జారిపోయేది ఈ చివరి మెట్టే.

గంటలో ఇదంతా అవదు, నాకు తెలుసు. ఐరిస్ రంగు, కార్బమజెపిన్, వార్ఫరిన్, స్కోలిన్, ఈ నాలుగూ క్లాసులో చెప్పి, మిగతావి ట్యుటోరియల్‌కు వదిలేయండి. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ గురించి ఎవరైనా అడిగితే ఒక్క ముక్క చెప్పండి, పాశ్చాత్య దేశాల్లో చూసే టీపీఎంటీ అనే ఎంజైము టెస్టు ఒక్కటే చేయించి ఊరుకుంటే మనవాళ్లలో సగం కథ దొరకదు, ఎన్‌యూడీటీ15 అనే జన్యువు కూడా చూడాలి, అది తూర్పు ఆసియాలో బయటపడి మన దగ్గరా ముఖ్యమని తేలింది.

పరీక్షలో ‘జాతికి, మందుల ప్రభావానికి సంబంధం రాయుము’ అని మాత్రం అడగకండి, అవే నాలుగు లైన్లు తిరిగొస్తాయి. కేసు ఇవ్వండి. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ముప్ఫై ఏళ్ల మనిషి, అపెండిక్స్ ఆపరేషన్, తోటలో పిచికారీ పని, చెల్లెలికి సిజేరియన్ అప్పుడు మత్తు దిగడానికి చాలా గంటలు పట్టింది, అమ్మానాన్నలది మేనరికం. ఏం అనుమానిస్తారు, ఏం అడుగుతారు, ఏ టెస్టు పంపుతారు, ఏ మందు మారుస్తారు? కులం ఇవ్వకండి. దాన్ని అడగకుండానే జవాబు పూర్తిగా రాయొచ్చని సగం మందికి తెలుస్తుంది. ‘ఆర్యవైశ్యుడు కాకపోతే స్కోలిన్ ఇవ్వొచ్చు’ అని రాసినవాళ్లకు మార్కులు కోసేయండి, నేనైతే కోసేసేవాణ్ణి.